రంగు అంటని కాళ్ళు

చెన్నమ్మకు తెలియని నొప్పి లేదని ఎమ్మిగనూరులో వాళ్ళ నేతగాళ్ళ వీధిలో ఒక పేరుంది. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. చెన్నమ్మే పెట్టుకుని ఉంటుందని ఆమె భర్త శేషన్న అనుమానం గానీ, ఆ సంగతి ఆయన ఎన్నడూ పైకి అనలేదు. ఆయన పైకి అనే మాటలే తక్కువ. పొద్దున మగ్గంలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేచేదాకా పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడె చప్పుడే తప్ప మనిషి చప్పుడుండదు.

కోడలు చందనకు ఏడో నెల నిండి ఎనిమిదో నెల పడేసరికి చెన్నమ్మకు చేతినిండా పని దొరికింది. కడుపుతో ఉన్న పిల్ల ఏ బాధ చెప్పినా ఆమె దగ్గర జవాబు సిద్ధం. ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాక ఛాతీలో మంటంటే బజ్జీలు మానిపించి మజ్జిగ ఇచ్చింది, తిన్న వెంటనే పడుకోవద్దని గోడకు ఆనించి కూర్చోబెట్టింది. సాయంత్రానికి పాదాలకు నీరు దిగితే కాళ్ళ కింద బొంత మడతబెట్టి పెట్టింది. పిక్కలు పట్టుకుంటే కాలు చాపించి వేళ్ళు వెనక్కి వంచింది. రెండడుగులు వేస్తే ఆయాసమంటే, "బిడ్డ పైకెక్కి కూసుంటే గాలి యాడికి పోతాది, నిదానంగా నడువు" అంది. ఘడియకోసారి దొడ్లోకి పోవాల్సి వస్తోందంటే, "నీ ఒక్కదానికేనా ఈ అవస్థ, అందురూ పడిందే" అని నవ్వింది. పొట్ట గట్టిపడి కాసేపటికి వదిలేస్తోందంటే మాత్రం నవ్వలేదు. ఎన్నిసార్లని అడిగింది, దగ్గర దగ్గరగా వస్తోందా అని అడిగింది, లేదన్నాకే స్తిమితపడింది.

"నా మాట నమ్మవు, ఫోన్లో ఎవరో సెప్తే నమ్ముతావు. పెరటి సెట్టు మందుకు పనికిరాదంట" అని కోడల్ని దెప్పేది. చందన ఫోన్లో వెతికే మాట నిజమే. వెతికాక అత్త చెప్పిందీ అదే అని తేలితే, ఆ సంగతి అత్తకు చెప్పేది కాదు. చెబితే ఇక పట్టపగ్గాలుండవని ఆమెకు తెలుసు.

వాళ్ళింట్లో ముందు గదిలో రెండు మగ్గాలు. రెండూ గుంట మగ్గాలే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని, అడుగున ఉన్న చెక్కలు ఒకటి మార్చి ఒకటి తొక్కుతూ నేయాలి. ఒక మగ్గం శేషన్నది, రెండోది చందనది. కొడుకు అశోక్ నేత వదిలేసి ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనికి పోతాడు. పొద్దున బస్సుకు పోయి, పొద్దుగూకినాక తలనిండా దూదిపింజలతో దిగుతాడు. చందనది కర్ణాటక సరిహద్దులోని హొళగుంద, మాటల మధ్య కన్నడం దొర్లుతుంది. మగ్గం ఈ ఇంటికి వచ్చాకే నేర్చుకుంది, మామే నేర్పించాడు. చెన్నమ్మ గోడవారగా కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతుంది. మోకాళ్ళు అరిగి మగ్గం మానేసిందని వీధిలో అనుకుంటారు. మోకాళ్ళు అరిగింది నాలుగేళ్ళ కిందట. ఆమె మగ్గం మానేసి ముప్పై రెండేళ్ళు.

కడుపు కనిపించడం మొదలైనప్పటినుంచి కోడలికి ఆమె ఒక నియమం పెట్టింది. రోజుకు రెండు గంటలే నేయాలి. ఆ రెండు గంటలూ చెన్నమ్మ కళ్ళు కండె మీద ఉండవు, చందన పాదాల మీద ఉంటాయి. "మెల్లగా తొక్కు" అంటుంది. పది నిమిషాలకు మళ్ళీ "మెల్లగా" అంటుంది.

"అత్తా, నేను తొక్కేది సెక్కను, బిడ్డను కాదు" అని చందన ఒకసారి సరదాకి అంది.

చెన్నమ్మ చేతిలో దారం తెగింది. ఆ పూటంతా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఏం తప్పన్నానా అని చందన చాలాసేపు ఆలోచించి, అత్తలకు అలకలు మామూలేనని వదిలేసింది.

ఒకరోజు పది గంటలప్పుడు ఆశా కార్యకర్త పుష్ప వచ్చింది. ఆ వీధి పిల్లే. వాళ్ళ నాన్నదీ మగ్గమే. చందన కార్డు తీసి చూసి, వేళ్ళ మీద లెక్క కట్టింది.

"ముప్పై వారాలు పడినాయి. బిడ్డ కేజీంపావు దాటింటాది. కండ్లు తెరిసి మూస్తాంటాది. ఎలుతురు తెలుస్తాది. మన మాటలు, మగ్గం సప్పుడు, అన్నీ ఇంటాంటాది."

"సప్పుడు నిలిసిపోతే తంతాది అక్కా" అంది చందన. "మామ అన్నానికి లేస్తానే మొదలుపెడతాది."

"పుట్టకముందే మేస్త్రీ అయిపాయ" అంది చెన్నమ్మ. మగ్గంలోంచి శేషన్న నవ్విన చప్పుడు వినిపించింది.

"ఊపిరి తీసుకునేది నేర్చుకుంటాంటాది. ఎక్కిల్లు వస్తాయి, పొట్ట టకటకమంటాది, భయపడొద్దు. చర్మం కింద ఇప్పుడిప్పుడే కొవ్వు పడతాంది, ముడతలు పోయి నున్నగైతాది. నెత్తిన జుట్టు కూడా వచ్చింటాది."

"ఎనిమిదో నెలకే జుట్టుంటాదా?" అని చెన్నమ్మ అడిగింది.

"కొందరికి నిండా ఉంటాది పెద్దమ్మా."

చెన్నమ్మ రాట్నం ఆగింది. కాసేపటికి మళ్ళీ తిరిగింది.

మంట, ఆయాసం, నడుంనొప్పి, కాళ్ళకు నీరు, ఇవి ఈ నెలల్లో మామూలేనని పుష్ప చెప్పింది. మొహం ఉబ్బినా, విడవకుండా తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకలు కమ్మినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా పొద్దూమాపూ చూడకుండా ఫోన్ చేయమంది. చందన తలూపి, రెండు అరచేతులు ముందుకు చాపింది.

"అక్కా, ఈడ నవ పెడతాంది. వారమాయె. ఒకటే గీక్కుంటాండా."

పుష్ప ఆ చేతులు అందుకోబోయింది. ఈలోగా చెన్నమ్మ అడ్డొచ్చింది.

"అది రంగుది లే పుష్పా. అంచుకని కొత్త ఎర్ర నూలు వచ్చింది. పాడు రంగు, సేతికి అంటుకుంటాంది. ఈయప్పకూ రెండు దినాలు నవ పెట్టె, అదే పాయ."

శేషన్న మగ్గంలోంచి చేయెత్తి చూపించాడు. వేళ్ళ సందుల్లో ఇంకా ఎరుపుంది. నేతగాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్లకు నూలు రంగు అనే మాట చాలు. పుష్ప కూడా చిన్నప్పుడు వాళ్ళమ్మ చేతుల్ని అలాగే చూసింది. కొబ్బరినూనె రాయమని చెప్పి, కార్డు మూసి, పక్కింటికి వెళ్ళింది. ఈ ఒక్క మాట నేతపని తెలియని నర్సు ఎవరికైనా చెప్పి ఉంటే, రంగా, ఏం రంగు, ఏదీ చూపించు అని అడిగి ఉండేది.

చెన్నమ్మ అక్కడితో ఊరుకోలేదు. ఆ రోజునుంచే కోడల్ని మగ్గం దింపేసింది. ఎర్ర నూలు ముట్టుకోవద్దంది. వేపాకు కాచిన నీళ్ళతో చేతులు కడిగించింది, కొబ్బరినూనె పట్టించింది. మందుల షాపులో అడిగి తెల్లటి లోషన్ తెప్పించింది. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. దురద తగ్గలేదు. చేతుల మీద పొక్కులు లేవు, దద్దుర్లు లేవు, గోళ్ళతో గీకిన గీతలు తప్ప చర్మం శుభ్రంగా ఉంది. చందన కళ్ళ కింద మాత్రం నల్లగా దిగింది. నిద్ర పట్టడం లేదంది.

"రంగు తోలులోపలికి ఇంకింటాది. ఐదు దినాలు పడతాది" అంది చెన్నమ్మ. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ మధ్యలోనే హొళగుంద నుంచి చందన తల్లి సుభద్రమ్మ ఫోన్ చేసి, బిడ్డను కొన్నాళ్ళు తీసుకుపోతానంది. "ఎనిమిదో నెల వదినా. ఈ నెలలో నేను పొలిమేర దాటనియ్యను. తొమ్మిది పడినాక వచ్చి పిలుసుకపో" అని చెన్నమ్మ ఖరాఖండిగా చెప్పింది. ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో ఉన్నది ఆచారం మీద భక్తి కాదు. ఎనిమిదో నెలంటేనే ఆమెకు భయం.

ఆరో రోజు పొద్దున చెన్నమ్మ పెరట్లోకి పోతూ, వెనకవాకిలి దగ్గర ఆగిపోయింది. చందన గడప మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ వెనక ఆనించి, కళ్ళు మూసుకుని, అరికాళ్ళను కడపరాతి అంచుకేసి రుద్దుతోంది. కుడికాలు, ఎడమకాలు, మళ్ళీ కుడికాలు. కళ్ళ చివర్ల నీళ్ళున్నాయి.

"కాల్లకేమైంది?"

చందన ఉలిక్కిపడి కాళ్ళు వెనక్కి తీసుకుంది. "ఏనూ లేదత్తా."

"ఏమీ లేకుంటే రాయినెందుకు అరగదీస్తాండావు? సెప్పు."

"ఆడ కూడా నవే. సేతుల కంటే ఆడనే ఎక్కువ."

"ఎన్నాల్లనుంచి?"

"మొదట్నుంచీ."

"సెప్పలేదేం?"

చందన తల దించుకుంది. "సెప్తే రంగంటావని."

చెన్నమ్మ ఆ కాళ్ళకేసి చూసింది. చేతులు నూలు పట్టుకుంటాయి, కండె పట్టుకుంటాయి, అంచు సరిచేస్తాయి. కాళ్ళు? కాళ్ళు గుంటలో ఉంటాయి. అక్కడ రెండు చెక్కలు, మట్టి తప్ప ఏమీ ఉండదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మగ్గాల మధ్య బతికిన మనిషి ఆమె. రంగు అంటిన కాళ్ళను ఎక్కడా చూడలేదు.

రంగువల్లే అని చెప్పిన దురద పెట్టిన కాళ్ళను మాత్రం చూసింది. చూసినవి తన కాళ్ళే.

ముప్పై రెండేళ్ళ కిందటి మాట. రెండో మగ్గం అప్పట్లో ఆమెది. తొలి చూలు, ఎనిమిదో నెల. అరచేతుల్లో, అరికాళ్ళలో ఒకటే దురద. నేస్తూ నేస్తూనే పాదాలను గుంట గోడకేసి రుద్దేది. రుద్ది రుద్ది ఆ మూల మట్టి నున్నగా అయిపోయింది. అది రంగని అత్త హులిగమ్మ చెప్పింది, ఆమె నమ్మింది. పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం, కడుపులో కదలిక లేదని తోచింది. మర్నాడు ప్రాణంలేని ఆడపిల్ల పుట్టింది. తల్లికి చూపించకూడదన్నారు. శేషన్నే ఆ బిడ్డను మగ్గం మీది గుడ్డ ఒకటి కోసి చుట్టి తీసుకుపోయాడు. ఇరవై రెండేళ్ళ చెన్నమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంటే హులిగమ్మ వచ్చి, "వద్దంటే ఇనకుండ తొక్కి తొక్కి, కడుపులో బిడ్డను తొక్కేసినావు" అంది. హులిగమ్మ పోయి పద్దెనిమిదేళ్ళైంది. ఆ మాట పోలేదు. చెన్నమ్మ ఆ తర్వాత గుంటలోకి కాలు దించలేదు.

అదే మాట, రంగు అనే మాట, తన నోటినుంచి తన కోడలికి చెప్పింది. చెప్పబోయిన పిల్ల నోరు మూయించింది. చెన్నమ్మకు తనమీద తనకే అసహ్యం వేసింది. దానికంటే ఎక్కువగా భయం వేసింది.

"బిడ్డ కదిలిందా ఈపొద్దు?"

"పొద్దున్నే కదిలింది."

"ఇప్పుడు?"

చందన పొట్టమీద చేయి పెట్టుకుని చూసి, "పండుకున్నట్టుంది" అంది.

చెన్నమ్మ లోపలికి పోయి పుష్పకు ఫోన్ చేసింది. దద్దురు లేకుండా అరికాళ్ళలో కూడా దురదని వినగానే పుష్ప గొంతు మారింది. "పెద్దమ్మా, ఈపొద్దే ఆదోని పెద్దాసుపత్రికి పిలుసుకపో. రక్తపరీక్ష సెయ్యాల. నేను డాక్టరమ్మకు సెప్తాను. కాల్ల సంగతి నేనూ అడగకపోతినే" అంది.

చెన్నమ్మ బీరువా తీసి చందన చీర ఒకటి, కార్డు, నీళ్ళ బాటిలు సంచిలో పెట్టింది. శేషన్న మగ్గం ఆపి చూశాడు.

"ఎనిమిదో నెల గదా" అన్నాడు.

"నెల నాకు తెలుసు. నువ్వు బస్టాండుకు పోయి సీటు పట్టు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో పోయాడు.

బస్సులో చెన్నమ్మ కిటికీ పక్క సీటు కోడలికిచ్చింది. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి గంట. పత్తి తీసిన చేలు, ఎర్రటి మిరపకళ్ళాలు దాటిపోతున్నాయి. ఆమె వాటిని చూడలేదు. ప్రతి స్పీడ్‌బ్రేకర్‌కూ చందన నడుము వెనక చేయి పెట్టింది. ప్రతి ఊరికీ, "కదిలిందా?" అని అడిగింది. మూడుసార్లు అడిగాక చందన ఆమె చేయి పట్టుకుని తీసుకెళ్ళి పొట్టమీద పెట్టుకుంది. ఇన్ని నెలల్లో చెన్నమ్మ ఆ పొట్టను ముట్టుకోలేదు. నూనెలు, కషాయాలు, సలహాలు అన్నీ ఇచ్చింది గానీ అక్కడ చేయి పెట్టడానికి ధైర్యం చాల్లేదు.

అరచేతి కింద ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. చెన్నమ్మ తనకు తెలిసిన దేవుళ్ళందరినీ వరసగా పిలిచింది. బస్సు ఒక ఊరి దగ్గర ఆగి, ఇంజను చప్పుడు తగ్గింది. అప్పుడు చిన్నగా ఒక కుదుపు. ఆగి, మళ్ళీ ఇంకొకటి. ఒకే తీరుగా, ఒకే చోట.

"ఎక్కిల్లు" అంది చందన.

చెన్నమ్మ చేయి తీయలేదు. ఆదోని బస్టాండు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

డాక్టర్ అపూర్వ ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి. మంత్రాలయం దగ్గర అయ్యవార్లింటి పిల్లని పుష్ప చెప్పింది. చందన చేతులు, కాళ్ళు చూసింది. దురద ఎప్పుడెక్కువ అని అడిగింది, మూత్రం పచ్చగా, చిక్కగా వస్తోందా అని అడిగింది. పొట్టమీద మిషన్ పెట్టింది. గదినిండా చప్పుడు పరుచుకుంది. చెన్నమ్మ విన్న ఏ మగ్గమూ అంత వేగంగా ఆడదు. వేగం ఎక్కువైందేమోనని ఆమె అడిగింది. బిడ్డ గుండె అలాగే కొట్టుకుంటుందని, బాగుందని డాక్టరు చెప్పింది. చందనను రక్తమివ్వడానికి పక్కగదికి పంపింది.

"పొట్టమీద దురద అందరికీ ఉంటుందమ్మా, చర్మం సాగుతుంది కాబట్టి. ఇది అది కాదు. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి కాలేయం మందగిస్తుంది. పైత్యరసం సరిగ్గా దిగక రక్తంలో కలుస్తుంది. అప్పుడు దద్దురు లేకుండా అరచేతులు, అరికాళ్ళు దురద పెడతాయి. అదే అని నా అనుమానం. పరీక్షలో తేలుతుంది."

"అదొస్తే బిడ్డకేమైతాది?"

డాక్టరు ఒక క్షణం ఆమె మొహం చూసింది. దాచి చెప్పే అవసరం లేదనుకున్నట్టుంది. "బాగా ఎక్కువైతే, చివరి వారాల్లో బిడ్డ గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అందుకే మందులిస్తాం, వారం వారం చూస్తాం. అవసరమైతే నెలలు పూర్తిగా నిండేదాకా ఆగకుండా ముప్పై ఏడు వారాలకే కానుపు చేస్తాం. మీరు ముందే వచ్చారు, మంచిదయింది."

చెన్నమ్మ లేవలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఇంకో మాట డాక్టరమ్మా. మగ్గం తొక్కితే కడుపులో బిడ్డ పోతాదా?"

"చందన ఇప్పుడు నేయడం లేదన్నారు కదా."

"చందనకు కాదు. నాకు. ముప్పై రెండేండ్లాయె."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. ఎన్నో నెల అని అడిగింది. దురద ఎక్కడ పెట్టింది, పొక్కులేమైనా లేచాయా, తర్వాతి కానుపులో ఎలా ఉంది అని అడిగింది. చెన్నమ్మ అన్నీ చెప్పింది. అశోక్ కడుపులో ఉన్నప్పుడూ కొంచెం నవ పెట్టిందని, వాడు నెల ముందే పుట్టాడని చెప్పింది. బయట పేషెంట్లు తలుపు తోసి చూస్తున్నా డాక్టరు మధ్యలో ఆపలేదు.

"అప్పటి సంగతి ఇప్పుడు నేను పరీక్ష చేసి తేల్చలేను. మీరు చెప్పేది వింటే ఇదే అయ్యుంటుందనిపిస్తోంది. ఇది కాకపోతే ఇంకేదో జబ్బు అయ్యుండొచ్చు. మగ్గం తొక్కడం వల్ల మాత్రం కాదమ్మా. అది ఖాయంగా చెప్పగలను."

"ఇంకోసారి సెప్పు తల్లీ."

"మీ కాళ్ళవల్ల ఏమీ జరగలేదు."

అశోక్ మిల్లు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి తల్లి ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఏడుస్తోంది. పక్కనే నిమ్మసోడా తాగుతూ కూర్చున్న భార్యను చూసి, ఎవరికేమైందో అర్థంకాక నిలబడిపోయాడు.

"నాకు బాగుంది, బిడ్డకూ బాగుంది" అంది చందన. "అత్త సుమ్నే ఏడుస్తాంది."

పరీక్షలో డాక్టరు అనుమానించిందే తేలింది. మాత్రలు రాసిచ్చారు. ప్రతి సోమవారం ఆదోనికి రమ్మన్నారు. ఎనిమిదో నెలలో కోడల్ని వారానికోసారి పొలిమేర దాటించే అత్త అని వీధిలో చెన్నమ్మకు ఇంకో పేరొచ్చింది. ఆమె లెక్కచేయలేదు. పైగా, కడుపుతో ఉన్న ఆడపిల్ల ఎవరు కనిపించినా ఆపి, "యాడన్నా నవ పెడతాందా? అరికాల్లలో?" అని అడగడం మొదలుపెట్టింది. లేదంటే, ఉంటే మాత్రం రంగని ఊరుకోవద్దని చెప్పి మరీ వదిలేది.

శేషన్నకు ఆమె మొదటిసారి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు సాయంత్రమే చెప్పింది. జొన్నరొట్టె వడ్డించి, ఎదురుగా కూర్చుని, డాక్టరు అన్న మాటలు అన్నట్టే చెప్పింది. ఆయన తినడం ఆపాడు.

"నీవల్ల అని నేనెప్పుడూ అనుకోలేదు" అన్నాడు.

చెన్నమ్మ చేతిలోని రొట్టె కింద పెట్టింది. "మరి ఆ మాట సెప్పలేదే."

"నువ్వు అడగలేదు."

"అడిగితేనే సెప్తావా? ముప్పై రెండేండ్లు నీ పక్కన కూసోని కండెలు సుడితి. మగ్గం ఎందుకు దిగలేదో నీకు తెల్దా?"

చెన్నమ్మ కంచం తీసుకుని లేచిపోయింది. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మీద అంత కోపం రావడం ఆమెకే ఆశ్చర్యం. హులిగమ్మ మీద కూడా ఎన్నడూ అంత కోపం రాలేదు.

నాలుగో రోజు పొద్దున, రెండో మగ్గం మీద చందన సగంలో వదిలేసిన చీర ముందు ఆమె నిలబడింది. అరిగిన మోకాళ్ళను తిట్టుకుంటూ, గట్టు పట్టుకుని, ఒక కాలు గుంటలోకి దించింది. తర్వాత రెండోది. వేళ్ళతో తడిమితే ఆ మూల మట్టి ఇంకా నున్నగానే తగిలింది. చెక్క తొక్కింది. పడుగు దారాలు రెండుగా విడాయి. నాడె చేతికి అలవాటు తప్పి మొదట్లో రెండుసార్లు కింద పడింది. మూడోసారి అవతలికి చేరింది. శేషన్న తన మగ్గం ఆపి విన్నాడు, తల తిప్పలేదు. కాసేపటికి ఆయన మగ్గం కూడా మొదలైంది. రోజుకు జానెడు నేసినా నేసినట్టే అని చెన్నమ్మ తనకు తాను చెప్పుకుంది.

చందన మంచంమీద ఎడమవైపుకు తిరిగి పడుకుని, బిడ్డ తన్నులు లెక్కపెడుతూ, "అత్తా, మెల్లగా తొక్కు" అంది. చెన్నమ్మ నవ్వింది.

ముప్పై ఏడో వారం పడగానే చందనను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. సుభద్రమ్మ, అశోక్ దగ్గరున్నారు. మొదటి రెండు రోజులు చెన్నమ్మ కూడా ఉంది. మూడో రోజు పొద్దున స్నానం చేసి, వంట చేసి పట్టుకుపోదామని ఇంటికి వచ్చింది. వంట పొయ్యిమీద ఉండగా చేతులు ఊరికే ఉండలేక మగ్గంలోకి దిగింది. చీరకు ఇంకా రెండు జానలే మిగిలి ఉన్నాయి. అప్పుడు ఫోన్ మోగింది. శేషన్న తీశాడు. స్పీకరు ఎలా పెట్టాలో ఆయనకు తెలియదు. చెవికి ఆనించుకుని, ఊఁ, ఊఁ అంటూ విన్నాడు. ఆయన నోరు తెరిచేదాకా చెన్నమ్మ కాళ్ళు చెక్కల మీద బిగుసుకుపోయి ఉన్నాయి.

"ఆడపిల్ల" అన్నాడు. "రెండు కేజీల ఆరునూర్లంట. గట్టిగా ఏడ్సిందంట. ఇద్దరూ బాగుండారు."

"చందన అరికాల్లు?"

ఆయన ఫోన్లో కొడుకునడిగాడు. "అదింకా అడగలేదంట. అడిగి సెప్తాడంట." మళ్ళీ విన్నాడు. ఫోన్ పెట్టేసి, నిలబడ్డచోటే నిలబడ్డాడు. "నెత్తినిండా జుట్టంట."

చెన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. వంట మాడుతున్న వాసన వస్తోంది గానీ లేవాలనిపించలేదు. శేషన్న నెమ్మదిగా వచ్చి, ఆమె మగ్గం గట్టు మీద, ఆమె పక్కన కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, గుంటలోకి, ఆమె పాదాలకేసి చూశాడు.

"ఆ పాపకూ ఉండె" అన్నాడు. "నీ మాదిరే. నల్లగా, మెడదాకా. నేను గుడ్డ సుట్టేటప్పుడు సూసినా."

చెన్నమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఇంకా సెప్పు" అంది.